ఆకాశమున నడచువారు, నేలనుండి చూచువారు

రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి యోచింపుడని మా పాఠకులను కోరుచున్నాము.

2022వ సంవత్సరము మార్చి 23వ తేదీన, భూమికి నాలుగువందల కిలోమీటర్ల పైని తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునుండి ఇరువురు వ్యోమగాములు తలుపు తెఱచుకొని వెలుపలికి వచ్చిరి. ఒకరు జర్మనీ దేశీయుడగు మథియాస్ మౌరర్; రెండవవారు అమెరికా పౌరుడగు రాజా చారి. వారు 6 గంటల 54 నిమిషములు శూన్యమునందు పనిచేసి మరల లోనికి బోయిరి. ఆ సమయముననే జర్మనీలోని సాంక్ట్ వెండెల్ అను చిన్న పట్టణమున, అనగా మౌరర్ పుట్టిన యూరనే, సెబాస్టియన్ వోల్ట్‌మర్ అను నతడు దూరదర్శినిని పైకి త్రిప్పి, ఊరిమీదుగా బోవుచున్న ఆ కేంద్రమును ఛాయాచిత్రము తీసెను. ఆ చిత్రమున కేంద్రపు రెక్కలే గాక, దానిని పట్టుకొని పనిచేయుచున్న మనుష్యులుకూడ చిన్న చుక్కలవలె గానవచ్చిరి. ఒక యూర పుట్టినవాడు ఆకాశమున పనిచేయుచుండగా, ఆ యూరినుండియే మఱొకడు వానిని చూచి పటము తీసెనన్నమాట.

రెండవ సంగతి మనకు సంబంధించినది. రాజా చారి అమెరికాలో పుట్టి పెరిగినవాడు. ఆ దేశపు వైమానిక దళమున అధికారి. కాని ఆయన తండ్రి శ్రీనివాస్ చారి మన హైదరాబాదునుండి ఇంజనీరింగు చదువునకై అమెరికాకు బోయి యచట స్థిరపడినవాడు. ఆనాటి నడక మన గడియారముల ప్రకారము సంజవేళ మొదలై అర్ధరాత్రి దాటిన పిమ్మట ముగిసెను. హైదరాబాదు విడిచిపోయిన యొకని కుమారుడు పనిముట్లు చేతబట్టి శూన్యములో గొట్టములు బిగించుచుండగా, ఆ సంగతి ఆ రాత్రి మన పఠనమందిరములలో నెందఱికి దెలిసియుండెను? ఎన్ని పాఠశాలల నల్లబల్లలపై ఆ వార్త సుద్దముక్కతో వ్రాయబడెను? మఱునాడు పత్రికలలో జదివి “మనవాడు” అని గర్వించినవారు పెక్కండ్రు. ముందుగా దెలిసికొని, కాచుకొని, తలయెత్తి చూడనేర్చినవారు కొలదిమంది. సాంక్ట్ వెండెలునకును మనకును గల ముఖ్యమైన యంతరము ధనమువలన గలిగినది గాదు, అలవాటువలన గలిగినది. ఆ యలవాటును మన యూళ్ళలో నెలకొల్పవలెనని చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

అందులకు దూరదేశములకు బోనక్కఱలేదు. హైదరాబాదునుండి చేవెళ్ళకు బోవు దారిలో, మొయినాబాదునకు ముందు, అజీజ్‌నగర్ గలదు. ఉత్తరమున ఉస్మాన్‌సాగరు, దక్షిణమున హిమాయత్‌సాగరు. ఈ రెండు జలాశయముల నడుమ నున్న ఆ ప్రాంతమున నగరములోకంటె ఆకాశము విశాలముగా గనబడును. కొన్ని సాయంకాలములందు, ప్రొద్దు గ్రుంకిన ముప్పావుగంటకో గంటకో, నైరృతి మూలనుండి యొక చుక్క లేచి, శుక్రునివలె ధగధగలాడుచు, చప్పుడు లేక, నడినెత్తి మీదుగా నీశాన్యమునకు సాగిపోవును. మఱికొన్ని దినములందు అది వాయవ్యమున బుట్టి ఆగ్నేయమునకు బోవును. ఐదాఱు నిమిషములలో దాని యాత్ర ముగియును. అదియే మనము చెప్పుచున్న కేంద్రము. 1998లో దాని మొదటి భాగము పైకి బంపబడెను. 2000 నవంబరు 2వ తేదీ మొదలు అందు మనుష్యులు లేని దినమొక్కటియు లేదు.

దాని కొలతలను దెలిసికొన్నచో నా చుక్క మఱింత విలువగలదిగా దోచును. పొడవు 109 మీటర్లు. బరువు నాలుగువందల టన్నులకు బైబడి యున్నది. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగముతో, తొంబదిరెండు తొంబదిమూడు నిమిషముల కొకసారి భూమిని చుట్టివచ్చుచుండును. అజీజ్‌నగరునుండి వికారాబాదునకు గల దూరమును దాటుటకు దానికి ఆఱు సెకండ్లు చాలును. లోపల నున్నవారికి ఒక్క దినములో పదునాఱు ఉదయములు, పదునాఱు అస్తమయములు సంభవించును.

దానిని విమానమని భ్రమపడుట తేలిక. శంషాబాదు విమానాశ్రయము చేరువనే యుండుటచే ఆ ప్రాంతమున విమానములకు కొదవ లేదు. అయితే విమానమునకు ఎఱ్ఱని, పచ్చని దీపము లుండును. అవి మినుకుమినుకు మనుచుండును. కొంతసేపటికి మ్రోతయు వినబడును. కేంద్రమునకు మినుకుమను దీపములు గనబడవు. అది తెల్లగా, నిలుకడగా వెలుగుచు బోవును. ఆ వెలుగు దాని స్వంతము గాదు. చంద్రునకువలెనే దానికిని సూర్యుని వెలుగే ఆధారము.

దీనినుండియే మఱొక ప్రశ్న పుట్టును: సంజవేళను, వేకువను దప్ప నడిరేయి అది యేల గనబడదు? పల్లెలో పెరిగినవారికి సమాధానము దెలిసినదే. నేలపై ప్రొద్దు గ్రుంకి నీడలు క్రమ్మిన తరువాత గూడ తాటిచెట్టు తలపై నింకను ఎండ మెఱయుచుండును. ఎంత యెత్తునకు బోయిన అంత యాలస్యముగా సూర్యుడస్తమించును. నాలుగువందల కిలోమీటర్ల యెత్తున నున్న కేంద్రమునకు మన చీకటి పడిన గంటన్నర వఱకును ఎండ తగులుచుండవచ్చును. మనము చీకటిలో నుండి, అది యెండలో నున్నప్పుడే అది మన కంటికి గోచరించును. నడిరేయి అది మన తలపై బోయినను భూమి నీడలో మునిగియుండును. ఒక్కొక్కప్పుడు నడియాకాశమున వెలుగుచున్న ఆ చుక్క చూచుచుండగనే ఎఱ్ఱబాఱి మాసిపోవుటకు కారణ మిదియే. అప్పుడది భూమి నీడలో ప్రవేశించినదని యెఱుగవలయును. భూమి తన నీడను ఆకాశమున నెంత దూరము వఱకు పఱచునో కన్నులార జూచుట కిది యొక సదవకాశము.

ఇక ఆ కేంద్రమునుండి వెలుపలికి వచ్చు కార్యమును గూర్చి చెప్పవలసియున్నది. దానిని నడక యందురుగాని నిజమున కాళ్ళకు బనియే లేదు. కేంద్రపు ఒడలిపై నమర్చిన పట్టీలను చేతులతో బట్టుకొని, తాడుతో దనను దానికి గట్టుకొని, ఒక చేయి తరువాత నొక చేయి వేయుచు సాగిపోవలయును. భూమి యాకర్షణ అచట నశించినదని పలువురు తలంతురు. అది పొరపాటు. నేలపై నున్న యాకర్షణలో పదింట తొమ్మిది వంతులు అచటను గలదు. కేంద్రమును, మనుష్యుడును ఒకే వేగముతో భూమి చుట్టును పడుచునే యుండుటవలన ఒకరినుండి యొకరు విడిపోరు, బరువును దోపదు.

ఈ సాహసమును మొట్టమొదట జేసినవాడు రష్యను వ్యోమగామి అలెక్సీ లియొనోవ్. 1965 మార్చి 18వ తేదీన ఆతడు పండ్రెండు నిమిషములు వెలుపల నుండెను. శూన్యములో ఆతని యుడుపు గాలిబుడ్డవలె నుబ్బి, తిరిగి లోపలికి దూరుటకు వీలుపడకపోయెను. ఉడుపులోని గాలిని కొంత వదలివేసి, ప్రాణములకు దెగించి, ఆతడు తలుపు లోపలికి జొచ్చెను. 1984 జూలైలో స్వెత్లానా సవిత్స్కయా ఈ కార్యము జేసిన మొదటి స్త్రీ యయ్యెను. గుజరాతు సంతతికి జెందిన అమెరికా వ్యోమగామిని సునీతా విలియమ్స్ 2025 జనవరి నాటికి తొమ్మిది పర్యాయములు వెలుపలికి వచ్చి మొత్తము 62 గంటలకు బైగా శూన్యమున గడపెను. స్త్రీలలో అంతసేపు వెలుపల నున్నవారు అంతకుముందు లేరు.

ఆ యుడుపు ఒక చిన్న వ్యోమనౌక యనియే చెప్పవచ్చును. లోపల శుద్ధమైన ప్రాణవాయువు నింపుదురు. కాని దాని యొత్తిడి మన చుట్టునున్న గాలి యొత్తిడిలో మూడవ వంతు మాత్రమే. ఒక్కసారిగా ఒత్తిడి తగ్గినచో, గోలీసోడాలోని గోలీని నొక్కగనే బుడగలు పొంగినట్లు, రక్తములోని నత్రజని బుడగలై ప్రాణాపాయము గలిగించును. అందుచే వెలుపలికి బోవువారు ముందుగా చాలసేపు శుద్ధవాయువును పీల్చి నత్రజనిని వదలించుకొందురు. ఎండ తగులు ప్రక్క నూఱు డిగ్రీలకు మించిన వేడి, నీడప్రక్క నూఱు డిగ్రీలకు దిగువ నున్న చలి. ఒంటిని చల్లబఱచుటకై లోదుస్తులలో సన్నని గొట్టముల గుండ నీరు ప్రవహించుచుండును. ఆ నీరే శత్రువైన సందర్భములును గలవు. 2013 జూలైలో ఇటలీ దేశీయుడగు లూకా పర్మిటానో వెలుపల నుండగా, శిరస్త్రాణములో నీరు చేరి కన్నులను, ముక్కును గప్పివేసెను. ఆతడు త్రోవ గానక, తాడు నాధారముగా జేసికొని తలుపు చేరెను. రాజా చారితో గూడ వెలుపలికి వచ్చిన మౌరర్ శిరస్త్రాణములోను, పని ముగిసి లోనికి వచ్చిన పిమ్మట, కొంత నీరు గనబడెను. తరువాత విచారణ ముగియువఱకు అట్టి నడకలను ఆపివేసిరి. ఏడుగంటలు అరచేతులు నొవ్వ గట్టి తొడుగులతో మరలు బిగించుట ఎంతటి కాయకష్టమో పనివారికి దెలియును.

మార్చి 15వ తేదీన కేలా బారన్ అను స్త్రీతో గూడ, 23వ తేదీన మౌరరుతో గూడ రాజా చారి చేసినవి యిట్టి పనులే. సూర్యరశ్మినుండి విద్యుత్తు పుట్టించు క్రొత్త పలకలకు ఆధారపు చట్రములు నిలుపుట, వేడిని వెలుపలికి బంపు యంత్రపు గొట్టములు బిగించుట, పాడైన కెమెరాను మార్చుట, తీగలు తగిలించుట. ఇవి యింటిపై కెక్కి మరమ్మతు చేయువాని పనులవంటివి. అంతరిక్షమును జయించుట యనగా తుదకు ఒక మేస్త్రీవలె, ఒక ఎలక్ట్రీషియనువలె ఓర్పుతో జేయు చేతిపనియని మన విద్యార్థులకు దెలియజెప్పవలసియున్నది. చేతిపనిని చిన్నచూపు చూచు చదువు ఆ తలుపు దాక బోలేదు.

ఇట “మనవాడు” అను మాటను గూర్చి నిర్మొగమాటముగ నొక్క మాట. రాజా చారి తెలుగు నేలకు జెందిన కుటుంబమునందలి వాడగుటచే సంతోషించుట సహజము; అందు దోషము లేదు. కాని ఆతడు ధరించిన యుడుపు మనది గాదు. తెఱచిన తలుపు మనది గాదు. ఆతనికి శిక్షణ యిచ్చిన హ్యూస్టను నగరపు నీటికొలను మనది గాదు. 1984 ఏప్రిలులో రాకేశ్ శర్మ రష్యా నౌకలో నంతరిక్షమునకు బోయెను. నలువదియొక్క సంవత్సరముల తరువాత, 2025 జూన్ 26వ తేదీన, శుభాంశు శుక్లా ఈ కేంద్రమున నడుగిడిన మొదటి భారతీయుడయ్యెను. ఇరువురును జాతికి గౌరవము తెచ్చినవారే. అయినను భారత పౌరులలో నెవరును ఇంతవఱకు శూన్యములోనికి తలుపు తెఱచుకొని రాలేదు. పరాయివాని యింట మనబంధువు కొలువున్నాడని సంతోషించుట వేఱు, మన యింటిని మనము గట్టుకొనుట వేఱు. ఆ గృహనిర్మాణమునకు మన దేశము పూనుకొన్నది. 2024 డిసెంబరు చివర శ్రీహరికోటనుండి పంపిన రెండు ఉపగ్రహములు 2025 జనవరి 16వ తేదీన అంతరిక్షమున నొకదానితో నొకటి కలిసికొనెను. ఇల్లు గట్టుటకు ముందు ఇటుకను ఇటుకతో జేర్చు విద్య అది. 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రమును నెలకొల్పవలెనని సంకల్పము. ఆ కేంద్రపు తలుపు తెఱచి వెలుపలికి రాబోవు వ్యక్తి నేడు ఏ పల్లెబడిలోనో పలకపై వ్రాయుచుండవచ్చును. ఆ బిడ్డకు ఆకాశమును చూపించువారు కావలయును.

చూపించువారు లేనినా డేమగునో మన దేశమునకు బాగుగా దెలియును. 1973లో అమెరికావారు స్కైలాబు అను కేంద్రమును పంపిరి. ప్రయాణముననే అది దెబ్బతిని, దాని రెక్క యొకటి విచ్చుకొనక చిక్కుకొనగా, ఆ యేటి జూన్‌లో ఇరువురు వ్యోమగాములు వెలుపలికి వచ్చి దానిని విడిపించి, కేంద్రమును బ్రతికించిరి. అంతరిక్ష నడక యెంత ప్రయోజనకరమో లోకమునకు జూపిన ఘట్టములలో అది యొకటి. ఆ స్కైలాబే 1979 జూలై 11వ తేదీన కూలిపోయెను. అది తలపై బడునని తెలుగు పల్లెలలో పుట్టిన కలవరమును పెద్దలు నేటికిని జెప్పుకొందురు. రేపు మిగులుదుమో లేదోయని కోళ్ళను, మేకలను కోసికొని తిన్నవారును, ఉన్నదానిని తెగనమ్ముకొన్నవారును గలరు. ఆ యేట పుట్టిన బిడ్డలకు స్కైలాబని పేరు పెట్టినవారును గలరు. తుదకు దాని తునుకలు హిందూ మహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రమునను బడెను. నలువది రెండేండ్ల తరువాత, 2021లో, ఆ భయమును గూర్చి తెలుగున చలనచిత్రముకూడ వచ్చెను.

ఇందు విచిత్రమేమనగా, స్కైలాబు కూలిన నెలకే, 1979 ఆగస్టు 10వ తేదీన, అదే తెలుగు తీరమున శ్రీహరికోటనుండి మన దేశపు తొలి ఉపగ్రహవాహకమగు ఎస్.ఎల్.వి.–3 ఎగిరెను. అది విఫలమై బంగాళాఖాతమున బడెను. మఱుసటి యేట జూలై 18వ తేదీన సఫలమై రోహిణిని కక్ష్యలో నిలిపెను. ఒకే నేలమీద, ఒకే కాలమున, ఒకవంక రాకెట్టు గట్టువారు, మఱొకవంక ఆకాశము కూలునని మేకలను గోయువారు! 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమైనప్పుడును ఇదే చోద్యము. ఆ గ్రహణమును బరిశోధించుటకై హైదరాబాదు చెంతనున్న జాపాలు–రంగాపురము వేధశాలకు దూరప్రాంతముల శాస్త్రజ్ఞులు వచ్చిరి. మన యూళ్ళలో పెక్కిండ్ల తలుపులు మూయబడెను. విజ్ఞానము కొందఱి సొత్తుగను, భయము అందఱి సొత్తుగను ఉన్న జాతి స్వతంత్ర మయ్యెనని యెట్లు చెప్పగలము? స్కైలాబునాడు ఆ చుక్కను ప్రతిసాయంకాలము చూచుట కలవాటుపడిన ప్రజలున్నచో, అది యెచటినుండి యెచటికి బోవునో, ఏమి యగునో వారే లెక్కించుకొనియుందురు. అలవాటైనదానికి భయపడువారు తక్కువ.

మన పూర్వులు ఈ మార్గమున నడుగు పెట్టనివారు గారు. హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము 1901లో వెలసెను. అదే సంవత్సరమున నవాబు జఫర్ జంగు దూరదర్శినిని దెప్పించి నిజామియా వేధశాలకు బునాది వేసెను. తరువాత బేగంపేటకు మారిన ఆ వేధశాల, లోకమంతట కలిసి చేసిన నక్షత్రపట్టికకై లక్షలకొలది తారల స్థానములను గుర్తించి యిచ్చెను. ఒకే యేట ఒకవైపు తెలుగు పుస్తకమునకు, మఱొకవైపు నక్షత్రమునకు మందిరము లేర్పడినవి. కాని యా రెండింటికి నడుమ త్రోవ పడలేదు. వేధశాలలో దెలిసినది తెలుగున పఠనమందిరమునకు జేరలేదు. ఆ త్రోవను వేయవలసిన భారము నేడు మనమీద నున్నది.

అందులకై చేయదగిన పను లివి.

మొదటిది: ప్రతి గ్రంథాలయము, ప్రతి పాఠశాల వాకిట నల్లబల్లపై, కేంద్రము కనబడు దినములను, వేళలను తెలుగున వ్రాయవలయును. ఏ యూరికి ఏ వేళ కనబడునో అమెరికా సంస్థయగు నాసావారు రుసుము లేకయే ముందుగా దెలుపుచున్నారు. చేతి ఫోనున్న పడుచువాడొకడు చాలును. ఏ దిక్కున బుట్టును, ఎంత యెత్తునకు జేరును, ఎచట మాయమగును అను మూడు మాటలు వ్రాసిన చాలును. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. నేలనుండి నాలుగు పిడికిళ్ళ యెత్తునకు మించిన దినములనే మొదట నెన్నుకొనుడు. చైనావారి అంతరిక్ష కేంద్రము తియాంగాంగుకూడ మనకు గనబడును. దానిని గుర్తుపట్టుట రెండవ పాఠము.

రెండవది: చూచినదానిని వ్రాసియుంచవలయును. చెప్పిన వేళకు వచ్చెనా, ఏ నక్షత్రము చెంతనుండి బోయెను, ఎప్పుడు మాసెను అని విద్యార్థులు పుస్తకమున నెక్కింపవలయును. ఇంకొక మేలైన ప్రయోగము గలదు. కేంద్రము అజీజ్‌నగరునకు నడినెత్తి మీదుగా బోవు దినమున అచటను, వికారాబాదునను రెండు పాఠశాలల పిల్లలు ఒకే సెకండున ఆ చుక్కను ఛాయాచిత్రము తీయుదురుగాక. ఆ యూళ్ళ నడుమ సూటిగా నలువదియైదు కిలోమీటర్ల దూరము గలదు. తారల నడుమ దాని స్థానము రెండు పటములందును సుమారు ఆఱు డిగ్రీలు తేడాపడును. ఆ కోణమును, ఆ దూరమును తెలిసినచో, కేంద్రపు ఎత్తును పదవతరగతి గణితముతోనే రాబట్టవచ్చును. వేళలో నొక్క సెకండు తప్పిన ఒక డిగ్రీ పొరపాటు వచ్చును. కనుక గడియారమును నమ్మకముగా జూచుటయు అలవడును. నాలుగువందల కిలోమీటర్లను పాఠ్యపుస్తకమున జదివిన బిడ్డకును, తానై కొలిచిన బిడ్డకును ఎంత భేదము! చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములలో ఇంజనీరింగు కళాశాలలు గలవు. వాని విద్యార్థులు చుట్టునున్న పల్లెబడులకు ఈ విషయమున తోడు నిలుచుట వారికి శోభావహము.

మూడవది: చీకటిని కాపాడుకొనవలయును. ఇది విని నవ్వువా రుందురు. కేంద్రము మిక్కిలి ప్రకాశించునది కావున నగరము నడుమనుండియు గనబడును, అది నిజమే. కాని అది యే తారలను దాటిపోవునో ఆ తారలే గనబడనిచో చుక్క యొక్కటి వట్టి దీపము. నిజామియా వేధశాలను నగరపు దీపకాంతి క్రమ్ముకొనుటచేతనే తరువాతి కాలమున 48 అంగుళముల దూరదర్శినిని దూరమున రంగాపురము కొండపై నెలకొల్పవలసివచ్చెను. ఇప్పుడు నగరము అటును విస్తరించుచున్నది. జంట జలాశయముల చుట్టుపట్ల 84 గ్రామములలో కట్టడములకు హద్దులు విధించుచు 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు నీటిని గాచుటకు బుట్టినది. తెలియకయే అది చీకటినిగూడ గొంత గాచినది. 2022లో ప్రభుత్వము ఆ హద్దులను సడలింప బూనుకొనెను. ఆ భూముల క్రయవిక్రయములను గూర్చి వాదించువారు పెక్కండ్రు గలరు. ఆ నీటిని గూర్చి మాటలాడువారును గలరు. ఆ యాకాశమును గూర్చి మాటలాడువారు మాత్రము లేరు.

వీధిదీపములు వలదని మా యభిప్రాయము గాదు. రాత్రివేళ స్త్రీలు, శ్రామికులు, విద్యార్థులు నిర్భయముగా నడచుటకు దారిపై వెలుగు కావలయును. కాని వెలుగు కావలసినది దారికి, మబ్బులకు గాదు. దీపమునకు పైన మూత వేసి కాంతిని క్రిందికి ద్రిప్పినచో తక్కువ విద్యుత్తుతోనే దారి బాగుగ వెలుగును. వేడుకలయందు ఆకాశమునకు వదలు కాంతిపుంజములను, రాత్రియంతయు వృథాగ వెలుగు ప్రకటన ఫలకములను నియమింపవలయును. పంచాయతీలును, పురపాలక సంఘములును క్రొత్తగా దీపస్తంభములు నిలుపునప్పుడే ఈ నియమమును బాటించినచో అధికవ్యయ మేమియు నుండదు. ఒకసారి వెలిగించిన తరువాత మార్చుట కష్టము.

“ఆకలితో నున్నవారికి ఆకాశమేల?” అని యడుగువారు ఎల్లకాలమును గలరు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు బైగా ప్రాణములు బోయెను. నేడు తుపాను సముద్రమున నుండగనే ఉపగ్రహము చూచి చెప్పుచున్నది. జనులను ముందుగ దరలించుచున్నారు. పైనుండి చూచు కన్ను అన్నార్తునిగూడ గాచినది. ఇక మఱికొందఱు, “ఫోనులో అన్నియు జూపించుచుండగా ఆరుబయట మెడ నొవ్వ నిలుచుట యెందుకు?” అందురు. ఫోనులో గనబడునది మఱొకరు చూచినది. వోల్ట్‌మర్ తన యూరి యాకాశమును తానే చూచెను. కావుననే ఆతని చిత్రమును లోకము చూచినది.

ఈ పనికి వ్యవధియు తక్కువగనే యున్నది. అంతర్జాతీయ కేంద్రమును 2030 వఱకు నడపి, పిమ్మట పసిఫిక్ మహాసముద్రమున జనులు లేనిచోట దింపివేయవలెనని నాసావారు సంకల్పించియున్నారు. నాడు మరల పత్రికలలో “కేంద్రము కూలబోవుచున్నది” అను పెద్దయక్షరములు వెలువడును. అప్పుడు మన పల్లెలలో నేమి జరుగవలయును? 1979 నాటివలె వదంతులు వీధి వీధిని దిరుగవలెనా? లేక అజీజ్‌నగరు బడిపిల్లలు తాము లెక్కవ్రాసిన పుస్తకములను దెఱచి, “ఇది మాకు దెలిసిన చుక్క, దీని యెత్తును మేము కొలిచితిమి, ఇది యెచట దిగునో మాకు దెలియును” అని పెద్దలకు ధైర్యము చెప్పవలెనా?

రెండవదియే జరుగవలెనని కోరువారు నేటి సాయంకాలమే పని మొదలిడుదురుగాక. మన గ్రంథాలయముల కార్యదర్శులును, ఉపాధ్యాయులును ముందు నిలిచిన ఇది యొక మాసములో సాధ్యమగు కార్యము. నల్లబల్లయు, సుద్దముక్కయు, పది నిమిషముల తీరికయు దప్ప దీనికి వేఱు వ్యయము లేదు.